రిపోర్టులో 6 శాతమే వచ్చినా "ఈ చాప్టర్ మీది కాదు" అని ఎందుకన్నారంటే

తర్వాత చదివేవాళ్ళకు కూడా అర్థం కావాలి కాబట్టి ముందు మీ సమస్యను క్లుప్తంగా రాస్తాను. మీరు చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్నారు, థీసిస్ తెలుగులోనే రాస్తున్నారు, అంశం రాయలసీమలో ధాత కరువు, అంటే 1876–78 నాటి పెద్ద కరువు. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ రిపోర్టులో సిమిలారిటీ, అంటే ఇతర రచనలతో పోలిక, 6 శాతమే వచ్చింది, గైడ్ సరే అన్నారు. తీరా ప్రీ-సబ్మిషన్ సెమినార్‌లో ఒక ప్రొఫెసర్ లేచి, రెండో చాప్టర్ మీరు రాసింది కాదు, ఎక్కడెక్కడివో తెచ్చి పెట్టారు అన్నారు. ఒక్క వాక్యం కూడా కాపీ కొట్టలేదు, ప్రతి పేరాకూ ఫుట్‌నోట్ ఉంది, అయినా ఎందుకిలా అన్నారు, ఇప్పుడు ప్రతి లైనుకూ ఫుట్‌నోట్ పెట్టాలా, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు అని రాశారు.

మీరు పెట్టిన పేజీలన్నీ చదివాను. చాలా ఏళ్ళుగా థీసిస్‌లు దిద్దుతున్న అనుభవంతో చెబుతున్నాను, మీరు దొంగతనం చేద్దామని కూర్చుని రాసినట్టు ఎక్కడా అనిపించలేదు. కానీ ఆ ప్రొఫెసర్ అన్నది కూడా తప్పు కాదు. ఆ చాప్టర్‌లో మీ మాట ఏది, మీరు చదివినవాళ్ళ మాట ఏది అన్నది తెలియడం లేదు. అసలు జబ్బు అదే. ఫుట్‌నోట్ల సంఖ్య పెంచితే అది నయం కాదు.

ముందు ఆ శాతం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మన యూనివర్సిటీల్లో సగం భయం, సగం ధీమా దాని చుట్టూనే తిరుగుతున్నాయి. యూనివర్సిటీల మీద పర్యవేక్షణ చేసే యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల్లో పోలిక 10 శాతం వరకూ ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 మధ్య ఉంటే ఆరు నెలల లోపు సరిచేసి మళ్ళీ ఇవ్వాలి, 40 నుంచి 60 అయితే ఏడాది పాటు ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మూలం చెప్పి కోట్ చేసిన భాగాలు, గ్రంథసూచి, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, చట్టాల పాఠం, అందరూ వాడే పదాలు ఈ లెక్కలోకి రావు. వరుసగా 14 పదాల వరకూ యాదృచ్ఛికంగా కలిసినా పట్టించుకోరు. ఇవి చదివిన చాలామంది "పది శాతం దాకా ఎత్తుకోవచ్చు, పదిహేనో పదం దగ్గర ఒక మాట మారిస్తే చాలు" అని అర్థం చేసుకుంటున్నారు. అదే నిబంధనల్లో ప్లేజియరిజం అంటే ఏమిటో కూడా రాశారు: ఇంకొకరి పనిని గానీ ఆలోచనను గానీ తనదిగా చూపించుకోవడం. ఆలోచన అన్న మాట అక్కడ స్పష్టంగా ఉంది. ఆలోచనను లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ ఇప్పటికి లేదు.

తెలుగులో రాసే థీసిస్‌కైతే ఆ 6 శాతానికి ఇంకా తక్కువ విలువ. మన దగ్గర పాత పుస్తకాలు చాలావరకు స్కాన్ చేసిన బొమ్మల రూపంలో ఉన్నాయి. మొన్నటిదాకా డీటీపీ అంతా అను ఫాంట్లలో జరిగింది, ఆ ఫైళ్ళు యూనికోడ్ కాదు కాబట్టి సాఫ్ట్‌వేర్‌కు వాటిలో అక్షరాలే కనిపించవు. థీసిస్‌లను ఆన్‌లైన్‌లో అందరికీ అందుబాటులో ఉంచే శోధగంగలో ఉన్న తెలుగు థీసిస్‌లలో ఎన్నో ఇలాంటివే. వాటి నుంచి పేజీలకు పేజీలు దించినా రిపోర్టు తప్పేమీ లేనట్టే వస్తుంది. ఇక ఇంగ్లీషు పుస్తకంలోని పేరాను తెలుగు చేసి పెడితే మన డిపార్ట్‌మెంట్లలో వాడే సాఫ్ట్‌వేర్ దాన్ని సాధారణంగా పట్టుకోలేదు. మనిషి పట్టుకుంటాడు, ఆ పుస్తకం చదివినవాడు రెండో పేరాకే పట్టుకుంటాడు. మీ సెమినార్‌లో జరిగింది ఇదే.

మీ రెండో చాప్టర్‌లో టెంపుల్ కూలి, అంటే రిచర్డ్ టెంపుల్ అనే ఆంగ్ల అధికారి కరువు పనులకు తగ్గించి ఖరారు చేసిన కూలి, దాని గురించిన భాగం చరిత్ర రచయిత మైక్ డేవిస్ 2001లో రాసిన "లేట్ విక్టోరియన్ హోలోకాస్ట్స్" నడిచిన దారినే నడిచింది. వాక్యాలు మీవే, ఒప్పుకుంటాను. కానీ ఏ సంగతి తర్వాత ఏ సంగతి రావాలి, ఏ అధికారి మాట ఎక్కడ పడాలి, ఎక్కడ ఆగి ఆవేశపడాలి అన్నదంతా ఆయన నిర్ణయమే. ఆ వరుసే వాదం. చరిత్రలో కష్టమంతా అక్కడే ఉంటుంది, వేల కాగితాల్లోంచి ఏది ముందు ఏది వెనక అని ఎంచుకోవడంలో. ఆ కష్టం ఆయనది. మీరు ఆయన పేరును మొత్తం చాప్టర్‌లో రెండు ఫుట్‌నోట్లలో మాత్రమే చెప్పారు, మిగతా అన్నిచోట్లా డిగ్బీ పేరే పెట్టారు.

డిగ్బీ దగ్గర ఇంకో చిక్కు ఉంది. విలియం డిగ్బీ ఆ రోజుల్లో మద్రాసు టైమ్స్ ఎడిటర్. కరువు మీద ఆయన రాసిన రెండు సంపుటాలు 1878లో వచ్చాయి. మీరు డిగ్బీ నుంచి చూపించిన మాటలు సరిగ్గా డేవిస్ ఎంచుకున్న మాటలే, మీరిచ్చిన పేజీ నంబర్లు డేవిస్ నోట్స్‌లోవే, ఆయన మధ్యలో వదిలేసి చుక్కలు పెట్టినచోట మీరూ చుక్కలే పెట్టారు. డిగ్బీని మీరు తెరవలేదని దీంతో ఎవరికైనా తెలిసిపోతుంది. చూడని పుస్తకాన్ని చూసినట్టు రాయడం మన దగ్గర ఎంత మామూలైపోయిందంటే, దాన్ని తప్పనుకునేవాళ్ళు కూడా తక్కువ. ఇది తప్పే. రెండు దారులున్నాయి. డిగ్బీ రెండు సంపుటాలూ ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉచితంగా దొరుకుతాయి, దించుకుని ఆ పేజీలు మీరే చదవండి, ముందు రెండు పేజీలు వెనక రెండు పేజీలు కలిపి చదవండి, అప్పుడు డిగ్బీ అని రాసుకోండి. చదివే వీలు నిజంగా లేకపోతే "డిగ్బీ, డేవిస్ ఉటంకించినది" అని రాసి డేవిస్ పేజీ ఇవ్వండి. రెండోది రాయడం చిన్నతనం కాదు. కాకపోతే థీసిస్‌కు గుండెకాయ లాంటి ఆధారం విషయంలో మాత్రం మొదటి దారే పట్టండి.

దీని మీద నేనింత పట్టుబట్టడానికి కారణం ఉంది. చూడకుండా రాసినప్పుడు ఇతరుల పొరపాట్లు కూడా మన పేరు మీదికి వస్తాయి. మీ చాప్టర్‌లోనే ఒకచోట "1877లో అనంతపురం జిల్లాలో" అని రాసి, దానికి ఆ కాలపు సర్కారు నివేదికను ఆధారంగా చూపించారు. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. అంతకు ముందు అదంతా బళ్ళారి జిల్లా. 1877 నాటి నివేదికలో అనంతపురం జిల్లా అన్న శీర్షిక కింద లెక్క ఉండే అవకాశమే లేదు. అంటే ఆ వాక్యం ఈమధ్య రాసిన ఏదో పుస్తకంలోంచో వ్యాసంలోంచో వచ్చింది, ఫుట్‌నోట్ మాత్రం అక్కడ కనిపించిన పాత నివేదికది. ఇప్పుడు ఆ అంకె బళ్ళారి మొత్తానిదా, అందులో అనంతపురం వైపు తాలూకాలదా అన్నది మీకూ తెలియదు, చదివేవాడికీ తెలియదు. నివేదిక తెరిచి ఉంటే మొదటి పేజీల్లోనే తేలిపోయేది.

చనిపోయినవాళ్ళ లెక్క కూడా అంతే. మీరు ఒకచోట కోటి మంది అన్నారు, ఇంకోచోట 82 లక్షలన్నారు, రెండింటికీ మూలం లేదు. డేవిస్ పుస్తకంలోనే మూడు లెక్కలు పక్కపక్కన ఉన్నాయి: డిగ్బీ పేరుతో కోటీ 3 లక్షలు, అరూప్ మహారత్న పేరుతో 82 లక్షలు, రొనాల్డ్ సీవోయ్ పేరుతో 61 లక్షలు. ఇవి దేశం మొత్తానికి వేసిన అంచనాలు, రాయలసీమవి కావు. ఇలాంటిచోట ఎవరి లెక్క, ఏ ప్రాంతానికి, ఏ సంవత్సరాలకు అన్న మూడూ చెప్పకపోతే ఆ అంకె ఉన్నా లేనట్టే. అంకె ఎంత పెద్దదైతే దాని పక్కన మనిషి పేరు అంత తప్పనిసరి.

ఇక రాయడం దగ్గరకు వద్దాం. పేరా చివర ఒక నంబర్ వేసి వదిలేయడం మీ అలవాటు. ఆ నంబర్ ఏ వాక్యానిది? చివరి వాక్యానికా, పేరా మొత్తానికా? మీ పేరా ఒకటి తీసుకుందాం, కొంచెం కుదించి రాస్తున్నాను: "టెంపుల్ మద్రాసు ప్రభుత్వం ఇచ్చే కూలిని తగ్గించాడు. మనిషికి రోజుకు ఒక పౌండు ధాన్యం చాలన్నాడు. డాక్టర్ కార్నిష్ దీన్ని వ్యతిరేకించాడు. మనిషి ప్రాణం కన్నా ఖజానాయే ముఖ్యమన్నది వలస పాలన అసలు నీతి." చివర డిగ్బీ నంబర్. నాలుగో వాక్యం డిగ్బీదా, డేవిస్‌దా, మీదా? మీదైతే దాని నెత్తిన డిగ్బీ నంబర్ ఎందుకు, డేవిస్‌దైతే ఆయన పేరేది?

దీన్నే ఇలా రాయొచ్చు: "1877 జనవరిలో వైస్రాయ్ ప్రతినిధిగా మద్రాసు వచ్చిన రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో కూలీకి రోజుకు ఒక పౌండు ధాన్యం, పైన కొద్దిపాటి డబ్బు చాలని తేల్చాడు. ఇది మనిషి నిలబడడానికి కూడా సరిపోదని శానిటరీ కమిషనర్ కార్నిష్ వాదించాడు. ఈ వాదాన్ని డిగ్బీ వివరంగా నమోదు చేశాడు." ఇక్కడ డిగ్బీ సంపుటి, పేజీ. "డేవిస్ దీన్ని ఒక్క అధికారి కాఠిన్యంగా కాక, సామ్రాజ్యపు మార్కెట్ విధానంలో భాగంగా చూస్తాడు." ఇక్కడ డేవిస్ పేజీ. ఆ తర్వాత మీ వాక్యం: "నేను సేకరించిన పాటల్లో మాత్రం దొర కనిపించడు, గింజలు దాచిన షావుకారే కనిపిస్తాడు." మీ పాటల్లో నిజంగా అలా ఉంటేనే ఆ మాట రాయండి, ఇది నేను నమూనాకు రాసింది. చూశారా, ముగ్గురి మాటలూ వేరువేరుగా నిలబడ్డాయి, డేవిస్‌కు లేనిది మీ దగ్గరేముందో కూడా బయటపడింది. పేరు వాక్యంలోకే వస్తే ఫుట్‌నోట్ల సంఖ్య తగ్గుతుంది కూడా. కాబట్టి ప్రతి లైనుకూ నంబర్ అక్కర్లేదు. ఒకే మూలం మీద పేరా అంతా నడుస్తుంటే మొదట్లోనే "ఈ పేరాలోని వివరాలు ఫలానా నివేదిక నుంచి" అని చెప్పేసి సాగిపోవచ్చు. 1876లో కరువు మొదలైంది, అప్పుడు రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది లాంటి అందరికీ తెలిసిన సంగతులకు ఏ మూలమూ అక్కర్లేదు.

ఇంగ్లీషులోని మాటలను కోట్‌గా తెలుగులో పెట్టినప్పుడు అనువాదం ఎవరిదో చెప్పాలి. మీదైతే మొదటి ఫుట్‌నోట్‌లోనే "వేరే చెప్పనిచోట అనువాదాలు నావి" అని ఒక్కసారి రాస్తే చాలు. ముఖ్యమైన రెండు మూడు చోట్ల మూల వాక్యాన్ని ఫుట్‌నోట్‌లో ఇస్తే పరీక్షకులకు నమ్మకం కలుగుతుంది.

తెలుగు పుస్తకాల విషయంలో మూడు చిక్కులున్నాయి, వాటి గురించి మన గైడ్‌లు కూడా పెద్దగా చెప్పరు. మొదటిది ముద్రణ. ఒకే పుస్తకాన్ని నలుగురు ప్రచురణకర్తలు వేసి ఉంటారు, పేజీ నంబర్లు ఒకదానికొకటి కలవవు, కాబట్టి ప్రచురణకర్త, ముద్రణ సంవత్సరం లేని పేజీ నంబర్‌తో ప్రయోజనం లేదు. కొన్నిసార్లు పాఠమే మారిపోతుంది. కన్యాశుల్కం 1897లో ఒక రూపంలో వచ్చింది, 1909లో గురజాడ దాన్ని చాలా మార్చి, పెంచి మళ్ళీ వేశారు. ఈ రోజు మనం చదివే నాటకం రెండోది. దానిలోంచి సంభాషణ ఎత్తి చూపించి "1897లోనే గురజాడ ఇలా అన్నారు" అని రాస్తే వాదమే కూలిపోతుంది. రెండోది పేర్లు. పాశ్చాత్య పద్ధతిలో చివరి పేరు ముందుకు తెచ్చి కామా పెడతారు, మనకు ఇంటిపేరు ముందే ఉంటుంది. గ్రంథసూచి తయారుచేసే జొటెరో లాంటి సాఫ్ట్‌వేర్‌లో రెండు గడుల్లో పేరు కొడితే కందుకూరి ఒకచోట, వీరేశలింగం ఇంకోచోట తేలతారు. తెలుగు పేర్లను ఒకే గడిలో, పుస్తకం మీద ఉన్నట్టే, ఇంటిపేరుతో మొదలుపెట్టి కొట్టి థీసిస్ మొత్తం అలాగే ఉంచండి, పద్ధతి ఏమిటో గ్రంథసూచి ముందు ఒక వాక్యంలో చెప్పండి. మూడోది సంవత్సరాలు. పాత పుస్తకాల మీద ధాత, ఈశ్వర అని తెలుగు సంవత్సరం పేరే ఉంటుంది. అది అరవై ఏళ్ళకొకసారి తిరిగొస్తుంది, ధాత అంటే 1876–77 కావచ్చు, 1936–37 కూడా కావచ్చు. మీ అంశానికి ఇది ప్రాణాంతకమైన పొరపాటు కాగలదు. పుస్తకం మీద ఉన్న పేరు అలాగే రాసి, మీరు లెక్కకట్టిన ఇంగ్లీషు సంవత్సరాన్ని పక్కన వేరుగా ఇవ్వండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా బాధ కలిగించిన విషయం. మీ నాలుగో చాప్టర్‌లో కరువు పాటలు ఉన్నాయి, థీసిస్ మొత్తానికి బలం అవే, ఇంతకు ముందు అచ్చులో కనిపించనివి కూడా ఉన్నాయంటున్నారు. వాటి కింద మీరు రాసింది "క్షేత్ర పర్యటనలో సేకరించినది" అని, అంతే. పాడింది ఎవరు? ఏ ఊరు? ఎప్పుడు? వాళ్ళు ఎవరి దగ్గర నేర్చుకున్నారు? డిగ్బీకి సంపుటి, పేజీ ఇచ్చే మనం, గంట సేపు కూర్చుని పాడి వినిపించిన పెద్దావిడకు పేరు కూడా ఇవ్వకపోవడం ఏం న్యాయం? ఆవిడ కూడా ఆధారమే, ఆ విషయంలో ఆవిడ కన్నా పెద్ద ఆధారం లేదు. పేరు, ఊరు, సుమారు వయసు, తేదీ, రికార్డింగ్ ఎక్కడ దాచారు అన్నవి రాయండి. అయితే ముందు ఆవిడను అడగాలి. పేరు వేయొద్దంటే మారుపేరు పెట్టి, మార్చామని చెప్పాలి. పాటలో ఊరి పెద్దల ఇళ్ళ పేర్లు వస్తే ఆలోచించి పెట్టాలి, ఆ కుటుంబాలు ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉంటాయి. పాట ఇంతకు ముందు ఎవరైనా సేకరించి అచ్చు వేసి ఉంటే, మీరు స్వయంగా విన్నా సరే, వాళ్ళ పేరు, వాళ్ళ పాఠానికీ మీ పాఠానికీ తేడా చెప్పి తీరాలి. ఫోన్ నంబర్లు మాత్రం అనుబంధంలో పెట్టకండి, థీసిస్ రేపు శోధగంగలో అందరికీ కనిపిస్తుంది.

ఫొటోల సంగతి కూడా. మీరు పెట్టిన ఎముకల గూళ్ళ లాంటి మనుషుల ఫొటో కింద "ఇంటర్నెట్ నుంచి" అని రాశారు. ఆ ఫొటోలు తీసింది విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి, మద్రాసు కరువు రోజుల్లో. నెట్‌లో ఇవే ఫొటోలు 1943 బెంగాల్ కరువువని కూడా తిరుగుతుంటాయి. మూలం వెతక్కుండా దించుకుంటే వేరే కరువు బొమ్మలు మన థీసిస్‌లోకి వచ్చే ప్రమాదం ఎంతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఏ లైబ్రరీ, ఏ మ్యూజియం దగ్గర ఆ ఫొటో ఉందో వాళ్ళ సైట్‌లోనే చూసి, తీసిన మనిషి పేరుతో పెట్టండి. వికీపీడియాను మూలంగా చూపించకండి, కానీ వాడండి, కింద ఇచ్చిన లంకెలు పట్టుకుని అసలు పుస్తకాల దాకా పోవడానికి బాగా పనికొస్తుంది. చాట్‌జీపీటీ లాంటివాటితో ఇంకా జాగ్రత్త. లేని పుస్తకానికి రచయిత, సంవత్సరం, పేజీ నంబర్ అన్నీ కుదిరినట్టు చెప్పేస్తాయి. అది ఇచ్చిన ప్రతి పుస్తకాన్నీ లైబ్రరీ కేటలాగ్‌లో మీరు స్వయంగా చూసేదాకా లేనట్టే లెక్క. రాతలో దాని సాయం తీసుకుని ఉంటే మీ యూనివర్సిటీ నియమం కనుక్కుని, ముందే గైడ్‌తో చెప్పి, థీసిస్‌లోనూ రాయండి.

ఇప్పుడేం చేయాలంటే, రెండో చాప్టర్ ప్రింట్ తీయండి, మూడు రంగుల పెన్నులు పెట్టుకుని కూర్చోండి. మీరు కళ్ళతో చూసిన మూలం నుంచి వచ్చిన వాక్యానికి ఒక రంగు, ఇంకొకరి పుస్తకం ద్వారా వచ్చినదానికి ఒక రంగు, మీ సొంత మాటకు ఒక రంగు. ఏ రంగు వేయాలో మీకే తెలియని వాక్యాలు కొన్ని తేలతాయి. నిజాయితీగా చేస్తే బాగానే తేలతాయి, కంగారు పడకండి. వాటి మూలం దొరికితే పెట్టండి, దొరక్కపోతే వాక్యం తీసేయండి. రెండో రంగు వాటిని అసలు మూలంతో సరిచూడండి. తర్వాత డేవిస్ పుస్తకం మూసేసి, పక్కన పెట్టేసి, మీ నోట్స్, మీ పాటలు మాత్రమే ముందు పెట్టుకుని ఆ చాప్టర్‌ను మొదటి నుంచి మీ వరుసలో రాయండి. ఉన్నదానిలోనే పదాలు మార్చుకుంటూ పోతే మళ్ళీ ఆయన వరుసే వస్తుంది. ఇక మీదట నోట్స్ రాసేటప్పుడు పుస్తకంలోని మాటను అలాగే దించితే అక్కడికక్కడే కొటేషన్ గుర్తులు, పేజీ వేసుకోండి. ఆరు నెలల తర్వాత ఆ వాక్యం మీదో పుస్తకానిదో మీకే గుర్తుండదు, ఎవరికీ గుర్తుండదు.

గైడ్ "6 శాతమే కదా, ఇలాగే ఇచ్చేద్దాం" అంటే మర్యాదగానే ఒప్పించండి, సార్, సెమినార్‌లో అభ్యంతరం వచ్చింది, మినిట్స్‌లో కూడా ఉంటుంది, సరిచేసి ఇస్తే మనకే మంచిది అనండి. డిగ్రీ వచ్చాక కాపీ అని రుజువైనా ఆ డిగ్రీని నిలిపి ఉంచే అధికారం అవే నిబంధనల్లో ఉందని కూడా చెప్పొచ్చు. ఆ అభ్యంతరం చెప్పిన ప్రొఫెసర్‌ను తప్పించుకుని తిరగొద్దు. చాప్టర్ తిరగరాశాక ఆయన గదికి వెళ్ళి, టెంపుల్ కూలి మీద రాసిన నాలుగు పేజీలు ఇచ్చి చదవమనండి. అంత శ్రద్ధగా చదివి తప్పు పట్టినాయన ఈ నాలుగు పేజీలూ తప్పకుండా చదువుతారు. పాటల చాప్టర్‌కు పాడినవాళ్ళ పేర్లు చేర్చాక వీలైతే ఇక్కడ పెట్టండి, నేను చూసి చెబుతాను.